సంధియా? యడాగమమా?

వ్యాకరణపు తరగతిలో పిల్లలు మొదట నేర్చెడి విషయములలో సంధి యొకటి. "రాముడు" అను పదమునకు "అతడు" అను పదము పరమైనప్పుడు మొదటి పదము చివరనున్న యుకారము తొలగిపోవును. రెండు పదములును కలిసి "రాముడతడు" అని యొక్కటగును. ఒక యచ్చు తన చోటు విడిచిననే గాని ఇచ్చట కలయిక లేదు. "మా", "అమ్మ" అనునప్పుడు మాత్రము అట్లు జరుగదు. అచ్చట ఏ యచ్చును తొలగదు. సంధి లేదు గనుక "య" అను నక్షరమొకటి నడుమ వచ్చి నిలిచి, రెండచ్చులును ఒకదానితో నొకటి తాకకుండ చూచును. "మాయమ్మ" అని వినుటకు కలిసినట్లే యుండును. అయినను వ్యాకర్తలు దీనిని సంధి యనరు, యడాగమ మందురు.

రాజ్యముల నడుమ జరుగు సంధులలోను ఈ భేదము కలదని మా యభిప్రాయము. కొన్ని యొడంబడికలలో ఉభయ పక్షములును ఏదో యొకటి విడిచి నిజముగా కలియుదురు. మఱికొన్నింటిలో ఎవరును ఏమియు విడువరు. కష్టమైన ప్రశ్నను వాయిదా వేసి, నడుమ నొక గీత గీచి, దానికే సంధి యని పేరు పెట్టుదురు. మొదటివి నిలిచినవి; రెండవవి కూలినవి. అరబ్బులకును ఇశ్రాయేలీయులకును నడుమ డెబ్బదియైదేండ్లకు పైగా జరిగిన సంప్రతింపుల చరిత్రయు, మన హైదరాబాదు నగరపు చరిత్రయు ఈ మాటకు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇట్టి విషయమును పాఠశాల వార్షిక సంచికలో నేల యెత్తవలెనని కొందఱు తలిదండ్రులు అడుగవచ్చును. కారణము కలదు. బల్కంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతముల పిల్లలు మన తరగతులలో మతభేదము లేక ఒకే బల్లపై కూర్చుండుచున్నారు. గాజా దృశ్యములు ప్రతి యింటను చేతిఫోనులలో కనబడుచున్నవి. క్రైస్తవ గృహమున పెరిగిన బిడ్డకు ఇశ్రాయేలు అను పేరు ఆదివారపు బడిలో ప్రేమతో వినిన పేరు. ముస్లిము గృహమున పెరిగిన బిడ్డకు యెరూషలేములోని అల్ అక్సా మసీదు పవిత్ర స్థలము. కాబట్టి కథ యేమో తెలియకమునుపే పిల్లలు పక్షములు పట్టుచున్నారు. వేదపాఠములోని ఇశ్రాయేలు ప్రజలును, 1948లో నేర్పడిన ఇశ్రాయేలు రాజ్యమును ఒక్కటే యని తలంచుట తగదు. బేత్లెహేములోను నజరేతులోను అరబ్బీ మాటలాడు క్రైస్తవులు తరతరములుగా నివసించుచున్నారని మన పిల్లలలో ఎందఱు ఎఱుగుదురు?

అంతకంటె చింత కలిగించు మాట వేఱొకటి కలదు. పై తరగతుల బాలురలో కొందఱు, "మాటలవలన ఏ తగవు తీరినది? బలమే తీర్చును. మన హైదరాబాదు సంగతి అయిదు దినములలో తేలలేదా?" అనుచున్నారు. ఈ మాట పైకి సత్యమువలెనే యున్నది. కావున దీనిని తేలికగా త్రోసివేయక, నెమ్మదిగా పరిశీలింతము.

1947వ సంవత్సరము నవంబరు 29వ తేది రెండు దేశముల చరిత్రలలోను గుఱుతుంచుకొనదగిన దినము. ఆ దినమున ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ పాలస్తీనాను రెండు రాజ్యములుగా విభజింపవలెనని తీర్మానించెను. అనుకూలముగా 33 దేశములు, ప్రతికూలముగా 13 దేశములు ఓటు చేసినవి. 10 దేశములు తటస్థముగా నుండెను. భారతదేశము ప్రతికూలముగా ఓటు చేసినది. అంతకుముందు ఆ సమస్యను విచారించిన 11 దేశముల సంఘములో మన దేశమును ఒకటి. విభజనకు మాఱుగా అరబ్బులును యూదులును ఒకే సంయుక్త రాజ్యములో నుండవలెనని ఇరాను, యుగోస్లావియాలతో కలిసి మన ప్రతినిధి సూచించెను. ఆ సూచన నెగ్గలేదు.

సరిగా అదే దినమున నిజాము ప్రభుత్వమునకును భారత ప్రభుత్వమునకును యథాతథ ఒడంబడిక జరిగినది. 1947 ఆగష్టు 15నకు పూర్వము బ్రిటిషు ప్రభుత్వముతో నున్న ఏర్పాట్లన్నియు ఒక సంవత్సరముపాటు ఉన్నవి యున్నట్లే సాగవలెననుట దాని సారాంశము. హైదరాబాదు భారతదేశములో చేరునా చేరదా, ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వము వచ్చునా రాదా అను అసలు ప్రశ్నలకు దానిలో జవాబు లేదు. అవి వాయిదా పడినవి.

ఆ యొడంబడిక పుట్టుకయే కష్టముతో జరిగినది. 1947 అక్టోబరు మాసాంతమున చిత్తుప్రతి సిద్ధమైనది. నిజాము కార్యనిర్వాహక మండలిలో అధికసంఖ్యాకులు దానిని ఆమోదించిరి. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ దానిని తీసికొని ఢిల్లీకి బయలుదేరవలసియుండెను. అక్టోబరు 27వ తేది తెల్లవారకమునుపే ఇత్తెహాదుల్ ముసల్మీన్ పక్షమునకు చెందిన వేలకొలది జనులు వారి యిండ్లను చుట్టుముట్టి ప్రయాణమును ఆపివేసిరి. అప్పటి ప్రధానమంత్రుల నివాసమైన షా మంజిలు సోమాజీగూడలోని రాజభవనపు ఆవరణములోనిదే. మన బల్కంపేటకు అది దవ్వు కాదు. రాయబారులు రాజీనామా ఇచ్చిరి. వేఱొక రాయబార బృందము వెళ్లి, నెలదినముల పిమ్మట, ముఖ్యాంశములలో వెనుకటిదానికి భిన్నము గాని పత్రముపైననే సంతకము తెచ్చినది.

ఆ పత్రములో మంచి నిబంధన యొకటి యుండెను. ఒడంబడిక విషయమై తగవు పుట్టినచో ఇరు పక్షములును చెరియొక మధ్యవర్తిని నియమింపవలెను. ఆ యిద్దఱును కలిసి పెద్ద నొకనిని ఎన్నుకొనవలెను. వారి తీర్పునకు తగవును విడువవలెను. మన గ్రామములలో గట్టు తగవులను పెద్దమనుష్యులు తీర్చెడి పద్ధతియే ఇది. తగవులు మాత్రము వెంటనే పుట్టినవి. నిజాము ప్రభుత్వము పాకిస్తానునకు 20 కోట్ల రూపాయలు అప్పిచ్చినదనియు, భారత నాణెముల చెలామణిని అడ్డగించినదనియు, రజాకార్లను అదుపులో పెట్టలేదనియు ఢిల్లీవారు ఆక్షేపించిరి. సరకులు రానీయక తమను దిగ్బంధించుచున్నారని హైదరాబాదువారు ఆక్షేపించిరి. నేరారోపణలు పత్రికలనిండ వచ్చినవి. మధ్యవర్తులు మాత్రము ఒక్కమాఱైనను కూర్చుండలేదు. 1948 జూనులో మౌంట్‌బాటన్ ప్రభువు దేశము విడుచుటకు ముందు చేసిన కడపటి ప్రయత్నమును విఫలమైనది.

సెప్టెంబరు 13వ తేదిన భారత సైన్యము సంస్థానములో ప్రవేశించెను. 17వ తేది సాయంకాలమున నిజాము యుద్ధవిరమణమును ప్రకటించెను. ఇచ్చట మఱల ఆ రెండు చరిత్రలును ఒకే తేదిన కలిసికొనుచున్నవి. 1948 సెప్టెంబరు 17ననే యెరూషలేము వీధిలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంటు ఫోకె బెర్నడొట్టె కాల్చి చంపబడెను. ఆయన స్వీడను దేశీయుడు. చంపినవారు "లెహి" అను యూదుల తీవ్రవాద దళమువారు. ఆయన సూచించిన సరిహద్దులు వారికి నచ్చలేదు.

ఇప్పుడు మన బాలుర వాదమునకు వత్తము. అయిదు దినములలో బలము తేల్చినదేమి? హైదరాబాదు భారతదేశములో నుండునా అను ప్రశ్నను తేల్చినది. రజాకార్ల భయముతో నిద్రలేని గ్రామములకు ఊపిరి వచ్చినది. ఇది చిన్న సంగతి కాదు. దీనిని మఱుగుపఱచుట న్యాయము కాదు. 1948 ఆగష్టులో బైరాన్‌పల్లిలో జరిగిన హత్యాకాండను స్మరించువారికి ఆ సైన్యపు రాక యేమియో తెలియును.

కాని బలము తేల్చని ప్రశ్నలును కలవు. భూమి ప్రశ్న తేలలేదు. తెలంగాణములో రైతుల సాయుధ పోరాటము 1951 అక్టోబరు వఱకు సాగినది. ఆ యేడే ఏప్రిలు 18న పోచంపల్లిలో వినోబా భావే సమక్షమున వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు దానమిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది; తుపాకి చేయలేని పనిని మాట కొంతవఱకైనను చేయబూనెను. సైన్యము వచ్చిన సమయమునను, తరువాతను సంస్థానములోని కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములనేకులు హతులైరి. ప్రధాని నెహ్రూ కోరికపై పరిశీలించిన పండిట్ సుందరలాల్ సంఘము మృతుల సంఖ్యను 27,000 మొదలు 40,000 వఱకు అంచనా వేసినది. ఆ నివేదిక పెక్కేండ్లు ప్రజలకందలేదు. సెప్టెంబరు 17ను ఏ పేరున పిలువవలెననుటయు నేటికిని తేలలేదు. విమోచనమని కొందఱు, విలీనమని కొందఱు, సమైక్యత యని కొందఱు అనుచున్నారు. 2022 నుండి ఆ యొక్క దినమునే కేంద్ర ప్రభుత్వ మొక పేరున, రాష్ట్ర ప్రభుత్వము వేఱొక పేరున జరుపుచున్నవి. అయిదు దినములలో తేలినదనుకొన్న ప్రశ్న యేడు దశాబ్దులు దాటినను పేరు కుదురక నిలిచియుండుట గమనింపదగినది.

ఇక పాలస్తీనా వంక చూతము. బెర్నడొట్టె మరణింపగా ఆయన సహాయకుడగు రాల్ఫ్ బంచ్ అను అమెరికా నీగ్రోజాతి పండితుడు ఆ భారమును పైనిడుకొనెను. 1949 జనవరిలో రోడ్సు ద్వీపమున ఆయన సంప్రతింపులు ప్రారంభించెను. ఆ యేడు ఫిబ్రవరి 24న ఐగుప్తు, మార్చి 23న లెబానోను, ఏప్రిలు 3న యొర్దాను, జూలై 20న సిరియా ఇశ్రాయేలుతో యుద్ధవిరమణ పత్రములపై సంతకము చేసినవి. బంచ్ పండితునకు 1950లో నోబెలు శాంతి బహుమానము లభించెను. ఆయన ఓర్పు శ్లాఘనీయము. అయినను పత్రములలో గీచిన గీతలు రాజకీయపు సరిహద్దులు కావని ఆ పత్రములలోనే వ్రాయబడినది. ఇండ్లు విడిచి పోయిన యించుమించు 7 లక్షల పాలస్తీనా అరబ్బుల గతి యేమి యనుట తరువాతి సభలకు విడువబడినది. 1949లో లొజాను నగరమున జరిగిన సభ దానిని తీర్పలేకపోయినది. రోడ్సు పత్రములు నెత్తుటిని ఆపినవి. అది గొప్ప మేలే. కాని అవి యడాగమములు. ఎవరును తమ యచ్చును విడువలేదు; ఒక "య" నడుమ నిలిచినది.

ఆ "య" 1967 జూనులో తొలగిపోయినది. ఆఱు దినముల యుద్ధములో ఇశ్రాయేలు సీనాయి ద్వీపకల్పమును, గాజాను, యొర్దాను పశ్చిమ తీరమును, తూర్పు యెరూషలేమును, గోలాను గుట్టలను ఆక్రమించెను. ఆ సంవత్సరము నవంబరు 22న భద్రతామండలి 242వ తీర్మానమును చేసినది. ఇశ్రాయేలు సైన్యము ఆక్రమిత ప్రదేశములనుండి వైదొలగవలెననియు, ఆ ప్రాంతపు రాజ్యములన్నియు భద్రమైన హద్దులలో శాంతితో జీవింపవలెననియు దాని భావము. భాషోపాధ్యాయులకు ఆ తీర్మానము ఒక పాఠము. ఆంగ్ల ప్రతిలో "ప్రదేశములు" అను మాటకు ముందు "ది" అను చిన్న యుపపదము లేదు. ఫ్రెంచి ప్రతిలో అట్టి యుపపదము కలిసియున్నది. "అన్ని ప్రదేశములనుండియు" అని అరబ్బులును, "కొన్నింటినుండి" అని ఇశ్రాయేలువారును అర్థము చెప్పికొనిరి. తీర్మానము నెగ్గుటకు ఆ యస్పష్టత ఉపకరించినది. తగవు తీరుటకు మాత్రము అదే యడ్డమైనది. మన తెలుగులో అట్టి యుపపదమే లేదు. అయినను ప్రామిసరీ నోటు వ్రాయువాడు "కొంత సొమ్ము" అని వ్రాసిన ఏ షావుకారైనను ఒప్పుకొనునా?

తరువాత ఒక నిజమైన సంధి జరిగినది. 1973 అక్టోబరు యుద్ధము గడచిన నాలుగేండ్లకు ఐగుప్తు అధ్యక్షుడు అన్వర్ సాదాత్ తానే యెరూషలేమునకు వెళ్లి ఇశ్రాయేలు శాసనసభలో ప్రసంగించెను. 1978 సెప్టెంబరు 5 మొదలు 17 వఱకు, పదుమూడు దినములు, అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆయనను, ఇశ్రాయేలు ప్రధాని మెనాహెం బెగిన్‌ను క్యాంప్ డేవిడ్ అను విడిదిలో కూర్చుండబెట్టి రెండు పత్రములు సిద్ధము చేయించెను. బెర్నడొట్టె మరణించిన ముప్పది యేండ్లకు సరిగా అదే తేదిన అవి ముగిసినవి.

ఆ రెండు పత్రముల గతిని విద్యార్థులు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒకటి సీనాయిని గుఱించినది. ఇశ్రాయేలు భూమిని విడువవలెను. ఐగుప్తు యుద్ధమును విడిచి ఆ రాజ్యమును గుర్తింపవలెను. అడుగడుగునకు గడువు వ్రాయబడినది. దానినిబట్టి 1979 మార్చి 26న సంధిపత్రము జరిగినది. 1982 ఏప్రిలు 25 నాటికి సీనాయి తిరిగి వచ్చినది. రెండవ పత్రము పశ్చిమ తీరమును, గాజాను గుఱించినది. అయిదేండ్ల స్వయంపాలనము ముందు, కడపటి నిర్ణయము తరువాత, అని యందు వ్రాసిరి. అచ్చటి పాలస్తీనా ప్రజల ప్రతినిధులు ఆ విడిదిలో లేరు. ఆ పత్రము నెఱవేఱలేదు. ఒకే చోట, ఒకే దినమున, ఒకే పెద్దల చేతులలో పుట్టిన కవలలలో స్పష్టమైనది బ్రదికినది. వాయిదా వేయబడినది గతించినది.

సీనాయి సంధిలోను చిన్న చిక్కొకటి మిగిలినది. ఎఱ్ఱసముద్రపు పాయ యొడ్డున నున్న తాబా అను ఇసుక ముక్క ఎవరిదనుట తేలలేదు. సరిహద్దు రాళ్ళు కొన్ని యెచ్చట నుండెనో అనుటయే తగవు. కాని సంధిపత్రములో మధ్యవర్తుల నిబంధన యుండెను. ఉభయులును ఆ నిబంధనను పాటించిరి. అయిదుగురు న్యాయవేత్తల సభ 1988 సెప్టెంబరులో తీర్పు చెప్పగా 1989 మార్చిలో ఇశ్రాయేలు తాబాను ఐగుప్తునకు అప్పగించెను. గట్టు రాయికై అన్నదమ్ములు తలలు పగులగొట్టుకొనుట మన మెఱుగుదుము. నాలుగు యుద్ధములు చేసికొన్న రెండు రాజ్యములు ఒక హద్దురాయికై మఱల కత్తి యెత్తక, పెద్దమనుష్యుల మాటకు తల యొగ్గినవి. మన 1947 నాటి యొడంబడికలోను అట్టి నిబంధనయే యుండెను. ఒకచోట దానిని వాడుకొనిరి. ఒకచోట కాగితములోనే విడిచిరి.

ఇట్లే 1994 అక్టోబరు 26న యొర్దానుతో జరిగిన సంధిలో యొర్దాను, యార్మూకు నదుల నీరు ఏ కాలమున ఎవరికెంత యని కొలతలతో వ్రాయబడినది. ఆ సంధియు, ఐగుప్తు సంధియు ఎన్నో యుద్ధములను చూచియు నేటికిని నిలిచియున్నవి. 1993 సెప్టెంబరు 13న పాలస్తీనా విమోచన సంస్థతో జరిగిన ఆస్లో యొడంబడికను దీనితో పోల్చి చూడవలెను. ఇరువురును ఒకరినొకరు గుర్తించిరి. అది యంతవఱకు లేని మేలు. కాని యెరూషలేము, శరణార్థులు, నివాసస్థలములు, భద్రత, సరిహద్దులు అను అయిదు చిక్కులను తరువాత చూతమని వాయిదా వేసిరి. అయిదేండ్ల గడువు 1999లో ముగిసినది. ఆ నడిమి కాలమున సంధి నచ్చనివారు ఊరకుండలేదు. 1994లో హెబ్రోను మసీదులో ప్రార్థించువారిని ఒక యూదుడు కాల్చెను. హమాసు పక్షమువారు బస్సులలో బాంబులు ప్రేల్చిరి. పశ్చిమ తీరమున ఇశ్రాయేలీయుల నివాసములు పెరుగుచునే యుండెను. వాయిదా యనునది శాంతికి దొరకిన వ్యవధి యని తలంతుము. నిజమునకది శాంతి శత్రువులకు దొరకిన వ్యవధి.

ఇచ్చట ఇంకొక సంగతి మా మనస్సును కలచుచున్నది. 1981 అక్టోబరు 6న సాదాత్‌ను చంపినవారు ఐగుప్తు సైనికులే. 1995 నవంబరు 4న ఇశ్రాయేలు ప్రధాని యిత్సాకు రాబిన్‌ను చంపినవాడు యూదుడే. ఛత్తారీ నవాబు త్రోవకు అడ్డము పడినవారు ఆయన ఏలుబడిలోని పట్టణవాసులే. శత్రువుతో మాటలాడబోవువానికి ముందటి వైపునుండి కంటె వెనుక వైపునుండియే అపాయ మెక్కువ. కావున సంధి చేయువాడు ఎదుటివానిని ఒప్పించుటతో పని తీరదు, తనవారిని ఒప్పింపవలెను. ఇది కష్టతరమైన పని. దీనికి కావలసిన ధైర్యము యుద్ధభూమిలో కావలసిన దానికంటె తక్కువది కాదు.

మన నగరములోనే జరిగిన వేఱొక సంప్రతింపును పెద్దలు మఱచియుండరు. 2004 అక్టోబరు 15 మొదలు 18 వఱకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును మావోయిస్టు, జనశక్తి పక్షములకును హైదరాబాదులో చర్చలు జరిగినవి. విశ్రాంత ఐ.ఏ.ఎస్. ఉద్యోగి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వమున 1997లో నేర్పడిన పౌర స్పందన వేదిక ఆ చర్చలకు ఏండ్ల తరబడి త్రోవ వేసినది. 1987లో శంకరన్‌ను ఇతరోద్యోగులతో కూడ నక్సలైట్లే అపహరించి బంధించియుండిరి. అట్టివాడే పిమ్మట ఉభయులకును నమ్మదగిన మధ్యవర్తి యగుట మన పిల్లలు తెలిసికొనదగిన సంగతి. అడవినుండి వచ్చిన నాయకులు మంత్రులతో ఒకే బల్లవద్ద కూర్చుండిరి. ఆయుధములతో గ్రామములలో తిరుగుట తగునా యను ప్రశ్నయు, భూపంపకపు ప్రశ్నయు తేలకయే మొదటి విడత ముగిసినది. రెండవ విడత జరుగనే లేదు. 2005 జనవరిలో ఆ పక్షములు వైదొలగినవి; ఆగష్టులో నిషేధము మఱల వచ్చినది; తుపాకులు మఱల మ్రోగినవి. ఇచ్చటను కష్టమైన ముడియే వాయిదా పడినది. అయినను ఆ చర్చల ఫలముగా కోనేరు రంగారావు అధ్యక్షతన భూసంఘమొకటి యేర్పడి, పేదల భూములను గుఱించి ప్రభుత్వమునకు విపులమైన నివేదిక నిచ్చినది. విఫలమైన మాటలును పూర్తిగా వట్టిపోవని దీనివలన తెలియుచున్నది.

2023 అక్టోబరు 7న హమాసు దాడిలో ఇశ్రాయేలులో ఇంచుమించు 1,200 మంది హతులైరి. ఇంచుమించు 250 మంది బందీలుగా కొనిపోబడిరి. తరువాతి యుద్ధములో గాజాలో మరణించినవారు 60,000కు మించిరని అచ్చటి ఆరోగ్యశాఖ లెక్క. వారిలో పసిపిల్లలు వేలకొలది. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరినప్పుడు దేశాధిపతులు కూడిన చోటు సీనాయిలోని షర్మ్ అల్ షేఖ్. అది 1979 నాటి సంధి వలన యుద్ధము లేక ఐగుప్తునకు తిరిగి వచ్చిన నేల. ఒక సంధి నిలిచిన చోటనే మఱియొక సంధికై జనులు కూడుకొనిరి.

"రెండవ పక్షమువాడు వంచకుడైనచో మాటల ప్రయోజన మేమి? సంధి పేరు చెప్పి ఆయుధములు కూర్చుకొనడా?" అని యడుగువారు కలరు. కూర్చుకొనవచ్చును. అందుకే గడువును, సాక్షిని, తీర్పరిని ముందుగనే వ్రాసికొనవలెననుచున్నాము. శ్రీకృష్ణ రాయబారము తెలుగువారందఱును ఎఱిగిన కథ. పాండవుల పక్షమున కోరినది అస్పష్టమైన న్యాయము కాదు, కడపటికి అయిదూళ్ళు. ఆ రాయబారము ఫలింపలేదు. అయినను రాయబారమునకు పోయినందులకు కృష్ణుని తప్పు పట్టినవాడెవడును లేడు. యుద్ధభారము ఎవరి తలపై పడవలెనో ఆ రాయబారము తేల్చి చెప్పినది. మాటలాడి విఫలుడైనవాడు నిందార్హుడు కాడు; మాటలాడక రక్తము చిందించినవాడే నిందార్హుడు.

ప్రియ విద్యార్థులారా! ఇకముందు పత్రికలలో ఏదైన సంధి జరిగినదని చదివినప్పుడు, ఎవరు గెలిచిరని అడుగకుడు. నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఎవరేమి విడిచిరి? ఏ ప్రశ్నను వాయిదా వేసిరి? తగవు పుట్టినచో తీర్చువా డెవడు? తనవారిని ఒప్పించు భారమును ఎవడు వహించెను? ఈ నాలుగింటికి జవాబు దొరకినచో అది సంధి. దొరకనిచో అది యడాగమము. మఱల విడిపోవుటకు సిద్ధముగా నున్నదని తెలిసికొనుడు.

తలిదండ్రులకును ఒక మనవి. మీ బిడ్డ ఇంటికి వచ్చి, తన ప్రక్కన కూర్చుండు వేఱొక మతపు బాలునితో ఈ విషయమై వాదించితినని చెప్పినచో, "వానితో మాటలాడకుము" అని ఆజ్ఞాపింపకుడు. "వాడేమి చెప్పినాడు?" అని యడుగుడు. ఎదుటివాని మాటను సరిగా తిరిగి చెప్పగలిగిన బాలుడు సగము రాయబారి. షా మంజిలు త్రోవ నరికట్టినవారికి ఆ తెల్లవారుజామున ఆ మాట చెప్పువాడు లేకపోయెను. మన బిడ్డలైనను ఆ మాట నేర్చికొని పెద్దవారగుదురు గాక.